సినిమావాళ్లను ఏం అడగాలి, ఎలా అడగాలి: హైదరాబాద్‌లో కొత్త నటులకు

"ఇండస్ట్రీలో ఎవరినైనా కలవాలంటే ఎలా?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. కలిసి వచ్చినవాళ్లదేమో ఇంకో మాట: "కలిశాను, ఫొటోలు పెట్టమన్నారు, తర్వాత ఫోన్ ఎత్తడం లేదు." ఇద్దరికీ జవాబు ఒకటే. ఛాన్స్ అడిగితే ఎదుటివాళ్ల దగ్గర ఆ రోజుకి ఇవ్వడానికి ఏమీ ఉండకపోవచ్చు. పని ఎలా జరుగుతుందని అడిగితే మాత్రం ప్రతివాళ్ల దగ్గరా చెప్పడానికి ఏదో ఉంటుంది. అయితే ఒక్కొక్కరికి తెలిసింది ఒక్కో ముక్కే. ఏ ముక్క ఎవరిని అడగాలో తెలియక అందరినీ ఒకే ప్రశ్న అడగడం దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు.

కావలసినవి

- ఫొటోలు 5: ముఖం దగ్గరగా, నడుము వరకు, నిలువెత్తు, పక్క నుంచి ఒకటి, నవ్వుతూ ఒకటి. గత మూడు నెలల్లో తీసినవే. ఫిల్టర్లు, బరువైన మేకప్ వద్దు. పోర్ట్‌ఫోలియో పేరుతో వేలకు వేలు పోయనక్కర్లేదు. ఫోన్‌లో పగటి వెలుతురులో తీసినవి చాలు.
- ఫోన్, ట్రైపాడ్, చొక్కాకి పెట్టుకునే చిన్న మైక్.
- ఒక నోటు పుస్తకం. ఎవరిని ఎప్పుడు కలిశారు, ఏం చెప్పారు, మళ్లీ ఎప్పుడు పలకరించాలి, అన్నీ అందులోనే.
- పాన్ కార్డు, మీ పేరు మీద బ్యాంకు ఖాతా. రెండింట్లో పేరు ఒకేలా ఉండాలి. స్పెల్లింగ్ తేడా వల్ల పేమెంట్ ఆగిపోవడం మామూలే.
- కనీసం ఆరు నెలల గది అద్దె, తిండి ఖర్చు. అది లేకపోతే షిఫ్టు మార్చుకునే వీలున్న ఉద్యోగం. షూటింగ్ కబురు చాలాసార్లు ముందు రోజు సాయంత్రమే వస్తుంది. సెలవు చీటీకి వారం పట్టే ఉద్యోగం దీనితో కుదరదు.

1. ఎవరికి ఏం తెలుసో ముందు రాసుకోండి

కో-డైరెక్టర్. పాత్రల జాబితా, షెడ్యూలు ఈయన చేతిలో ఉంటాయి. చిన్న, మధ్యస్థాయి పాత్రలకు చాలా సినిమాల్లో పేర్లు ఇక్కడి నుంచే దర్శకుడి దాకా వెళ్తాయి. అడగాల్సింది: "నన్ను చూస్తే మీకు ఏ పాత్ర తడుతుంది సార్?" "కానిస్టేబుల్" అనో, "హీరో ఫ్రెండ్స్‌లో మూడోవాడు" అనో వస్తుంది. ముఖం మాడ్చుకోకుండా రాసుకోండి. ఐదుగురిని అడిగితే ముగ్గురు ఒకే మాట అన్నారంటే మొదటి పని అక్కడే దొరుకుతుంది.

కాస్టింగ్ డైరెక్టర్. వెబ్ సిరీస్‌లకూ, కొత్త దర్శకుల సినిమాలకూ వీళ్ల పని ఎక్కువ. "నా వీడియో ఎలా ఉంది?" అంటే "బాగుంది" అంటారు, అక్కడితో అయిపోతుంది. "ఎన్నో సెకను దగ్గర ఆపేశారు?" అని అడిగి చూడండి.

ఆర్టిస్ట్ మేనేజర్. మీలాంటి వయసు, రూపం ఉన్నవాళ్లకు ప్రస్తుతం రోజుకు ఎంత నడుస్తోంది, ఏ తరహా బ్యానర్ (నిర్మాణ సంస్థ) డబ్బు ఎప్పుడిస్తుంది, ఇవి ఈయనకు తెలుసు. కమిషన్ సాధారణంగా 10 శాతం, అదీ పని దొరికి డబ్బు చేతికొచ్చాక. ముందే డబ్బు అడిగితే లేచి వచ్చేయండి.

ప్రొడక్షన్ మేనేజర్. కన్వేయన్స్ (రానుపోను ఖర్చు) ఇస్తారా, బండి పంపుతారా, పేమెంట్ ఇచ్చేది షెడ్యూలు (ఒక విడత షూటింగ్) అయ్యాకా, సినిమా అయ్యాకా అన్న సంగతులు దర్శకుడికి తెలియకపోవచ్చు, ఈయనకు తెలుస్తాయి. షూటింగ్ రోజు పొద్దున్న మాత్రం కదిలించకండి.

ఎడిటింగ్ అసిస్టెంట్. కొత్తవాళ్లలో వీళ్లను పట్టించుకునేవాళ్లు దాదాపు లేరు. నిజానికి ఎక్కువ నేర్పేది వీళ్లే. మీ షాట్ తెర మీదికి వెళ్తుందా, నేల మీద పడుతుందా అన్నది చివరికి తేలేది ఆ గదిలో. "కొత్తవాళ్ల షాట్లు ఎందుకు ఎగిరిపోతాయి?" అంటే ఇలాంటివి చెబుతారు: ఎదుటివాళ్ల డైలాగ్ పూర్తికాకుండా తనది మొదలెట్టడం, డైలాగ్ అయిన మరుక్షణం దర్శకుడి వైపు చూడటం, వైడ్ షాట్‌లో కుడిచేత్తో గ్లాసు ఎత్తి క్లోజప్‌లో ఎడమచేత్తో ఎత్తడం, ఎదుటివాళ్లు మాట్లాడుతున్నప్పుడు వినకుండా తన వంతు కోసం కాచుకుని ఉండటం. డైలాగ్‌కు ముందు ఒక క్షణం, తర్వాత ఒక క్షణం పాత్రలోనే ఉంటే కత్తెరకు చోటు దొరుకుతుంది.

మేకప్, కాస్ట్యూమ్ విభాగం. గడ్డం ఏ పొడవులో ఉంచితే ఎక్కువ పాత్రలకు పనికొస్తారో, ఏ రంగు చొక్కా మీ ఛాయను చంపేస్తుందో ఐదు నిమిషాల్లో చెప్పేస్తారు.

జూనియర్ ఆర్టిస్టుల ఏజెంట్. గుంపు సన్నివేశాలకు మనుషుల్ని తెచ్చేవారు. సెట్ చూడటానికి ఇదొక దారి. ఒక జాగ్రత్త: ఏ సినిమాలో పాత్ర కోసం ప్రయత్నిస్తున్నారో ఆ సినిమా గుంపులో నిలబడకండి. ఒకసారి ముఖం ఫ్రేములో పడితే అదే సినిమాలో ఇంకో పాత్ర ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోరు.

పెద్ద హీరోలు, పెద్ద దర్శకుల సంగతి ఇక్కడ రాయలేదు. ఫిలింనగర్‌లో ఆఫీసు గేటు దగ్గర కాపు కాస్తే సెల్ఫీ దొరుకుతుంది, పని నేర్పే తీరిక వాళ్లకు ఉండదు.

2. వాళ్లు తీరిగ్గా దొరికే చోటికి వెళ్లండి

కృష్ణానగర్, ఇందిరానగర్, యూసుఫ్‌గూడ వైపు గది తీసుకుంటే నడిచే దూరంలోనే సగం పరిచయాలు. టీ కొట్టు దగ్గర వినిపించేవాటిలో పుకార్ల పాలు ఎక్కువ. అక్కడ విన్నదాన్ని ఇంకో ఇద్దరిని అడిగాకే నమ్మండి.

అంతకంటే మంచి చోట్లు రెండున్నాయి. ఒకటి, నాటకం. రవీంద్రభారతిలో, బంజారాహిల్స్ లామకాన్‌లో ప్రదర్శనలు చూడండి, అయ్యాక ఆగి మాట్లాడండి. రిహార్సల్స్‌లో ఖాళీ పాత్ర చదవడానికి మనిషి కావాలంటే "నేను చదువుతాను" అనండి. రెండోది, విద్యార్థుల సినిమాలు. అన్నపూర్ణ స్టూడియోస్‌లోని ఫిలిం కాలేజీ, రామానాయుడు ఫిలిం స్కూల్ లాంటి చోట్ల విద్యార్థులు తీసే సినిమాలకు నటులు కావాలి. డబ్బు ఉండదు, ఉన్నా దారి ఖర్చులకే. కానీ ఈ రోజు అక్కడ కెమెరా పట్టుకున్నవాడు నాలుగేళ్లకు అసోసియేట్ డైరెక్టర్ అవుతాడు, మీకు చూపించుకోవడానికి ఫుటేజీ మిగులుతుంది. ఒప్పుకునే ముందే "ఎడిట్ అయ్యాక నా సన్నివేశాలు ఇస్తారా?" అని వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట మీద వదిలితే హార్డ్ డిస్క్ ఎప్పటికీ దొరకదు.

నటనను చదువుగా నేర్చుకోవాలనుకుంటే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ, తెలుగు విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల విభాగాలు ఉన్నాయి. ప్రైవేటు కోర్సులో చేరే ముందు ఒక క్లాసు కూర్చుని చూడనివ్వమని అడగండి. ఒప్పుకోకపోతే డబ్బు కట్టకండి.

3. మెసేజ్ ఐదు వాక్యాలు దాటకూడదు

ఫోన్ చేసే ముందు మెసేజ్ పెట్టండి. నమూనా ఇది:

"నమస్తే సార్. నా పేరు ఫలానా, వయసు 24, ఎత్తు 5 అడుగుల 9, ఊరు కర్నూలు, ఉండేది యూసుఫ్‌గూడ. మీరు కో-డైరెక్టర్‌గా చేసిన ఫలానా సినిమాలో మార్కెట్ సీను చూశాక మీకు రాస్తున్నాను. పాత్ర అడగడానికి కాదు, చిన్న పాత్రల ఎంపిక ఎలా జరుగుతుందో ఒక పావుగంట అడిగి తెలుసుకోవాలని ఉంది. మీకు వీలైన రోజు చెప్తే వస్తాను."

ఫొటోలు, లింకులు మొదటి మెసేజ్‌లో పెట్టకండి, అడిగాక పంపండి. జవాబు రాకపోతే పది రోజుల తర్వాత ఒక్కసారి గుర్తుచేసి వదిలేయండి. రోజూ "గుడ్ మార్నింగ్ సార్" పూల బొమ్మలు పంపేవాళ్ల నంబర్లు సైలెంట్‌లో పడతాయి. అందరూ "అన్నా" అనుకునే చోటే అయినా మొదటి పరిచయంలో "గారు", "సార్", "మేడం" అనే పిలవండి. అన్నా అనమని వాళ్లే చెబుతారు.

4. దొరికిన పావుగంటలో

మూడు ప్రశ్నలు రాసుకుని వెళ్లండి. మొదటిది వాళ్ల పని గురించి, రెండోది మీ గురించి, మూడోది "ఇంకెవరిని అడిగితే తెలుస్తుంది?" మూడో ప్రశ్నకు వచ్చే పేరే తర్వాతి మెట్టు. "మీరు చెప్పారని చెప్పొచ్చా?" అని అనుమతి తీసుకోండి. అడక్కుండా పేరు వాడితే ఇద్దరి దగ్గరా నమ్మకం పోతుంది.

అక్కడ విన్న కథ, పాత్రల వివరాలు బయట మాట్లాడకూడదు. సెట్ ఫొటో స్టేటస్‌లో పెడితే ఆ యూనిట్‌లో మళ్లీ పిలుపు ఉండదు.

5. సెట్‌లో ఒక రోజు: ఏం గమనించాలి

రామోజీ ఫిలిం సిటీలో షూటింగ్ అయితే కృష్ణానగర్ నుంచి తెల్లవారుజామునే బయల్దేరాలి, మీ పని సాయంత్రం రావచ్చు, రాకపోవచ్చు కూడా. పెద్ద నటుడితో కలిసి ఉండే సన్నివేశాన్ని "కాంబినేషన్" అంటారు. ఆయన డేట్ మారితే మీ డేట్ మారుతుంది. కొత్తవాళ్ల క్యాలెండర్ చెదిరిపోయేది ఎక్కువగా ఇందుకే.

వినబడే మాటలు, చేయాల్సిన పనులు:

- మానిటర్: టేక్‌కు ముందు రిహార్సల్. ఇక్కడే మార్క్ (మీరు ఆగాల్సిన చోటు) దగ్గర ఆగడం సరిచూసుకోండి. నేల మీది టేపు వైపు చూడకుండా ఆగాలంటే, మార్క్ నుంచి వెనక్కి నడిచి మొదలెట్టే చోటికి ఎన్ని అడుగులో లెక్కపెట్టుకోండి.
- లుక్: మీరు చూడాల్సిన దిక్కు. ఎదుటి నటుడు లేకుండా క్లోజప్ తీస్తే "లుక్ ఎక్కడ సార్?" అని అడగండి. ఇది అడిగినందుకు ఎవరూ తక్కువగా చూడరు. తప్పు దిక్కు చూస్తే షాట్ పనికిరాదు.
- సజెషన్: ఎదుటివాళ్ల షాట్‌లో మీ భుజం, తల అంచు కనబడటం. అప్పుడు కదిలితే వాళ్ల ముఖం కప్పేస్తారు. మీ మీద నీడ పడుతోందంటే మీ లైటుకు ఎవరో అడ్డం ఉన్నట్టు, మీరు కూడా ఇంకెవరి లైటుకో అడ్డం ఉన్నారేమో చూసుకోండి.
- కంటిన్యుటీ: ఏ మాట మీద కూర్చున్నారు, ఏ చేత్తో పట్టుకున్నారు. టేక్ అవగానే నోటు పుస్తకంలో ఒక వాక్యం రాసుకోండి. అసిస్టెంట్ డైరెక్టర్ ఫొటో తీసినా మీ లెక్క మీకుండాలి.

సీరియల్ సెట్ అయితే వేగం వేరు. అసిస్టెంట్ పక్క నుంచి డైలాగ్ అందిస్తూ ఉంటారు, విని వెంటనే చెప్పాలి. సినిమాకు వెళ్లాక ఈ అలవాటు బయటపడుతుంది, కళ్లు ప్రాంప్ట్ వచ్చే వైపు జారుతుంటాయి. సీరియల్ చేస్తున్నా డైలాగ్ కంఠస్థం చేసే వెళ్లండి.

6. ఆడిషన్ వీడియో ఇంట్లో తీయడం

- ఫోన్ అడ్డంగా, కళ్ల ఎత్తులో. వెనక కెమెరా వాడండి. చాలా ఫోన్లలో ముందు కెమెరాకు బ్యూటీ మోడ్ ఆన్‌లో ఉండి చర్మం మైనంలా వస్తుంది.
- కిటికీ మీ ఎదురుగా ఉండాలి, వెనక ఉంటే ముఖం నల్లబడుతుంది. గోడకు మూడు నాలుగు అడుగుల ముందు నిలబడండి. తెల్లగోడ ముందు తెల్లచొక్కా వద్దు.
- ఫ్యాన్, ఏసీ ఆపండి. కుక్కర్ విజిల్ అయ్యాక మొదలెట్టండి.
- క్యూ (ఎదుటి పాత్ర డైలాగ్) చదివే మనిషిని లెన్స్ పక్కనే నిలబెట్టండి, గొంతు తగ్గించి చదవమనండి. చొక్కా మైక్ పెట్టుకోకపోతే, ఫోన్ మైక్‌కు దగ్గరగా ఉండే వాళ్ల గొంతే పెద్దగా పడుతుంది. మనిషి దొరక్కపోతే క్యూలు ఇంకో ఫోన్‌లో, మీ జవాబులకు ఖాళీలు వదిలి, రికార్డు చేసి పెట్టుకోండి.
- మొదట లెన్స్‌లోకి చూస్తూ పేరు, వయసు, ఎత్తు, ఊరు, వచ్చిన భాషలు, రెండు పక్కల ముఖం. 20 సెకన్లు చాలు. ఆ తర్వాత సన్నివేశంలో లెన్స్‌లోకి చూడకండి.
- సన్నివేశం నిమిషం, నిమిషంన్నర. రెండు టేకులు పంపితే రెండూ వేరుగా ఉండాలి: ఒకటి కోపంతో, ఇంకోటి కోపాన్ని మింగుకుని. గొంతు మాత్రమే పెంచితే అది వేరే టేక్ కిందకు రాదు.
- మ్యూజిక్, కట్స్, టైటిల్స్ వద్దు.

సొంత యాసలో 30 సెకన్ల వీడియో విడిగా ఒకటి ఉంచుకోండి. తెలంగాణ, గోదావరి, రాయలసీమ, ఉత్తరాంధ్ర, మీది ఏదైతే అదే. రాని యాసలు కూడా వచ్చని రాసుకుంటే సెట్‌లో మొదటి వాక్యానికే తెలిసిపోతుంది.

వాట్సాప్‌లో వీడియోగా పంపితే నాణ్యత పడిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా డ్రైవ్ లింక్ ఇవ్వండి. పంపే ముందు ఆ లింక్‌ను ఇంకొకరి ఫోన్‌లో తెరిచి చూడండి. "అనుమతి కావాలి" అని వస్తే కాస్టింగ్ ఆఫీసులో కూడా అదే వస్తుంది, వాళ్లు అడగరు, తర్వాతి వీడియోకు పోతారు. ఫైలు పేరులో మీ పేరు, వయసు, పాత్ర ఉండాలి.

తెలుగు సినిమాల్లో ఎక్కువ భాగం తర్వాత డబ్బింగ్ చెప్పించేవే కాబట్టి ఇదే వీడియోతో ఇంకో అభ్యాసం చేయొచ్చు. శబ్దం తీసేసి, చూస్తూ మళ్లీ మీ గొంతు రికార్డు చేసి కలపండి. పెదాలు మూసుకునే అక్షరాల దగ్గర, అంటే ప, బ, మ వచ్చిన చోట, సరిపోయిందో లేదో చూడండి. అక్కడ కుదిరితే మిగతాది కంటికి తెలియదు.

7. డబ్బు, అగ్రిమెంట్

కొత్తవాళ్లకు ఎక్కువగా వచ్చే ఆఫర్ "ప్యాకేజీ", అంటే సినిమా మొత్తానికి ఇంత అని. రోజులు రాయించుకోకపోతే నష్టం ఎలా ఉంటుందో చూడండి. ప్యాకేజీ 60,000 అనుకుందాం. టీడీఎస్ (ఇచ్చేవాళ్లు ముందే కోసే పన్ను) 10 శాతం 6,000, మేనేజర్‌కు 6,000 పోతే చేతికి 48,000. ఆరు రోజులన్నారు, అంటే రోజుకు 8,000. అదే పది రోజులు షూటింగ్, రెండు రోజులు డబ్బింగ్ అయితే రోజుకు 4,000. కాబట్టి "ఎన్ని రోజులు, ఆ పైన రోజుకు ఎంత?" అన్నది మొదటి ప్రశ్న.

అగ్రిమెంట్‌లో, అది లేకపోతే కనీసం ప్రొడక్షన్ మేనేజర్ వాట్సాప్ జవాబులో, ఇవి ఉండాలి: పాత్ర పేరు, రోజుల సంఖ్య, డేట్స్ ఏ నెలలో, అడ్వాన్స్ ఎంత, మిగిలింది ఎప్పుడు, డబ్బింగ్ అందులోనేనా, ప్యాచ్ వర్క్‌కు (మిగిలిపోయిన చిన్న షాట్లు తర్వాత తీయడానికి) విడిగా ఇస్తారా, కన్వేయన్స్, టైటిల్స్‌లో పేరు, ఆ రోజుల్లో వేరే పని చేయొచ్చా.

బాకీ డబ్బింగ్‌కు ముందే తేల్చుకోవడం నటుల్లో పాత అలవాటు. మీ గొంతు వాళ్లకు కావాల్సి ఉన్నంతవరకే మీ మాటకు బరువు. కొత్తవాళ్లకు ఇదీ పూర్తి రక్ష కాదు, చిన్న పాత్రకు ఇంకొకరితో చెప్పించేస్తారు. అందుకే షెడ్యూలు అయిన ప్రతిసారీ అప్పటివరకు రావాల్సింది మర్యాదగా అడిగి తీసుకోండి.

టీడీఎస్ కోశామన్నారంటే ఆదాయపన్ను పోర్టల్‌లో మీ పాన్ మీద అది జమైందో లేదో చూసుకోండి. మీ మొత్తం ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే రిటర్న్ వేస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. చాలామంది కొత్తవాళ్లు ఇది వదులుకుంటున్నారు.

పిల్లల్ని నటింపజేసే తల్లిదండ్రులకు రెండు ముక్కలు: నిబంధనల ప్రకారం రోజుకు ఐదు గంటలు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు, నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. పారితోషికంలో కనీసం 20 శాతం బిడ్డ పేరు మీద జాతీయీకృత బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి.

8. అసలుదా, నకిలీదా: వెళ్లేముందు తనిఖీ

- బ్యానర్ అధికారిక పేజీలో కాస్టింగ్ కాల్ ఉందా? ఫార్వర్డ్ వచ్చిన పోస్టర్‌లోని నంబరుకు కాకుండా ఆఫీసు నంబరుకు ఫోన్ చేసి అడగండి.
- సంస్థ పేరు కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో వెతకండి. జీఎస్టీ నంబరు ఇస్తే జీఎస్టీ పోర్టల్‌లో ఎవరి పేరు వస్తుందో చూడండి. చిన్న సంస్థ కంపెనీగా నమోదు కాకపోయినా అది మోసమని అర్థం కాదు, ఆ సంస్థను ఇంకో దారిలో అడిగి తెలుసుకోవాలి. టైటిల్ రిజిస్టర్ అయిందా అన్నది ఫిలింనగర్‌లోని ఫిలిం ఛాంబర్‌లో అడగొచ్చు.
- దర్శకత్వ శాఖలో ఇద్దరి పేర్లు అడగండి. నిజమైన ఆఫీసు వెంటనే చెబుతుంది.

ఈ కింది వాటిలో ఒక్కటి వినబడినా వెళ్లొద్దు: రిజిస్ట్రేషన్ ఫీజు, మా ఫొటోగ్రాఫర్ దగ్గరే పోర్ట్‌ఫోలియో, "మా" (మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్) కార్డు ఇప్పిస్తాం, ఇంత ఇవ్వండి, పెట్టుబడి పెడితే మంచి పాత్ర, రాత్రి హోటల్ గదిలో ఆడిషన్, ఓటీపీ. "మా" కార్డు లేకుండా ఆడిషన్‌కు వెళ్లకూడదని ఎక్కడా లేదు. సభ్యత్వ నియమాలు నేరుగా వాళ్ల ఆఫీసులోనే అడగండి.

ఆడిషన్‌కు మొదటిసారి వెళ్తుంటే చిరునామా, పిలిచినవాళ్ల నంబరు ఇంట్లోవాళ్లకో స్నేహితులకో పంపండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఖాతా ఆపే అవకాశం అంత ఎక్కువ. అసభ్యంగా ప్రవర్తిస్తే 112, లేదా షీ టీమ్స్ (మహిళల భద్రత చూసే పోలీసు బృందాలు). మెసేజ్‌లు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు ఉంచుకోండి.

తరచూ జరిగే పొరపాట్లు

"ఏ పాత్రైనా చేస్తాను సార్" అనడం. విన్నవాళ్లకు మీరు ఏ పాత్రకూ గుర్తుకురారు. "పోలీసు, లెక్చరర్, రాయలసీమ యాస పాత్రలు" అనండి.

వయసు తగ్గించి రాయడం, ఎత్తు పెంచి రాయడం. కాంబినేషన్ షాట్‌లో ఎత్తు తేడా మొదటి నిమిషంలో బయటపడుతుంది, ఆ రోజు షెడ్యూలు దెబ్బతింటుంది, మీ పేరు గుర్తుండిపోతుంది.

డేట్ ఇచ్చి, ఇంకో పెద్ద పని రాగానే చెప్పకుండా మానేయడం. కో-డైరెక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. వీలుకాకపోతే ముందు రోజైనా ఫోన్ చేసి చెప్పండి, వీలైతే మీ బదులు ఒకరి పేరు ఇవ్వండి. అలా ఇచ్చినవాళ్లను మళ్లీ పిలుస్తారు.

ఒక మేనేజర్‌కు "నేను మీ మనిషినే" అని మాటిచ్చి నలుగురికి ఫొటోలు పంచడం. ఒకే పాత్రకు మీ పేరు ఇద్దరి నుంచి వెళ్తే కమిషన్ తగాదా ఎవరికెందుకని ఇద్దర్నీ పక్కన పెట్టేస్తారు.

ఫలితం ఎలా చూసుకోవాలి

మూడు నెలలకోసారి నోటు పుస్తకం ముందేసుకోండి. మెసేజ్‌లకు జవాబే రావడం లేదంటే మెసేజ్ మార్చాలి, లేదా తప్పు మనిషిని అడుగుతున్నారు. కలుస్తున్నారు కానీ వీడియో అడగడం లేదంటే ఫొటోల్లో ఉన్న మనిషీ ఎదురుగా ఉన్న మనిషీ ఒకేలా లేరేమో చూడండి. వీడియో అడిగి ఆ తర్వాత పిలవడం లేదంటే లోపం వీడియోలోనే ఉంది. ఎడిటింగ్ చేసేవాళ్లెవరికైనా చూపించండి, ఇంట్లోవాళ్లకు వద్దు. పిలిచి లుక్ టెస్ట్ (పాత్ర వేషం వేసి చూడటం) చేసి ఆగిపోతున్నారంటే అది చాలాసార్లు కాంబినేషన్‌కు సంబంధించింది, మీ చేతిలో లేదు, వదిలేయండి. ఒకసారి చేసిన యూనిట్ రెండోసారి పిలవడం లేదంటే అక్కడి అసిస్టెంట్ డైరెక్టర్‌ను విడిగా కలిసి, టీ తాగుతూ, ఆ రోజు ఏం ఇబ్బంది అయిందో అడగండి. మొదటిసారి "ఏం లేదు బ్రో" అంటారు. రెండోసారి అడిగితే చెబుతారు.